జీన్ పియాజే: పసివారి తీర్పులు విన్న పండితుడు

అబద్ధమాడరాదని బోధించని మతం లేదు. ఆ మాట పిల్లల చెవిన వేయని ఇల్లూ లేదు. అక్షరాభ్యాసం నాడు మొదలైన ఈ బోధ కళాశాల విడిచే నాటికి కూడా ముగియదు. అయితే అబద్ధమంటే ఏమిటో తనకు తెలిసినంతలో చెప్పమని ఆ పసివాణ్ణే అడిగి, వాడిచ్చిన జవాబును ఓపికతో విని, పొల్లుపోకుండా రాసుకొని, దానిపై ఏళ్ళ తరబడి ఆలోచించిన పెద్దలు మాత్రం బహు అరుదు. నీతి విషయంలో పెద్దలు చెప్పవలసినవారు, పిల్లలు వినవలసినవారు అన్న ఏర్పాటు అనాదిగా వస్తున్నది. ఆ ఏర్పాటును తలకిందులు చేసి, పిల్లల ముందు తాను శ్రోతగా కూర్చున్న మేధావి స్విట్జర్లాండు దేశస్థుడైన జీన్ పియాజే.

ఉపాధ్యాయ శిక్షణ పొందే విద్యార్థులకు పియాజే పేరు సుపరిచితమే. శిశువు బుద్ధి వికాసాన్ని నాలుగు దశలుగా విభజించిన శాస్త్రజ్ఞుడుగా ఆయనను వారు పరీక్షల కోసం చదువుతారు. ఆ దశల పేర్లు కంఠస్థం చేస్తారు. పరీక్ష ముగియగానే మరచిపోతారు. కాని ఆయన జీవితంలో మనందరికీ పనికివచ్చే మరొక ఘట్టం ఉన్నది. పిల్లలు అబద్ధాన్ని ఏ తూనికరాళ్ళతో తూస్తారో తెలుసుకొనడానికి ఆయన చేసిన కృషి అది. రేపు తల్లిదండ్రులూ, ఉపాధ్యాయులూ కాబోయే విద్యార్థినీ విద్యార్థులకు ఆ కృషిని, దాని వెనుకనున్న జీవితాన్ని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పియాజే 1896 ఆగస్టు 9వ తేదీన నూషటెల్ నగరంలో జన్మించారు. ఫ్రెంచి భాష మాట్లాడే ఆ చిన్న పట్టణం ఒక సరస్సు ఒడ్డున ఉన్నది. తండ్రి ఆర్థర్ పియాజే మధ్యయుగ సాహిత్యంలో ఆచార్యుడు. పాత పత్రాలను పరిశీలించి వాటి నిజానిజాలు తేల్చడంలో దిట్ట. నూషటెల్ ప్రజలు తమ పూర్వుల ఘనతకు సాక్ష్యంగా గౌరవిస్తూ వచ్చిన ఒక ప్రాచీన వృత్తాంతం నిజానికి కూటరచన అని ఆయన నిరూపించాడు. స్వస్థలాభిమానులకు ఇది కష్టం కలిగించింది. అయినా, గౌరవనీయమైన సంప్రదాయం కోసం సత్యాన్ని వంచడానికి ఆయన అంగీకరించలేదు. తల్లి రెబెక్కా తెలివైనది, దయామయి, దైవభక్తురాలు. అయితే ఆమె మానసిక స్వస్థత అంతగా బాగుండేది కాదు. ఇంటిలోని ఆ కలత నుండి తప్పించుకొనడానికే పసితనంలోనే ఆటపాటలు విడిచి, తండ్రి వలె గంభీరమైన పనిలో ఆశ్రయం వెతుక్కున్నానని పియాజే పెద్దయిన తరువాత తన ఆత్మకథలో తెలుపుకున్నారు.

ఆ బాల్యంలోనే అబద్ధానికి సంబంధించిన ఒక విచిత్ర సంఘటన ఉన్నది. పియాజేకు తన రెండవ ఏట జరిగిన ఒక విషయం స్పష్టంగా గుర్తుండేది. పారిస్ నగరంలోని ఒక ప్రఖ్యాత రాజమార్గంలో ఆయా తనను చక్రాల బండిలో కూర్చోబెట్టి తీసుకుపోతూ ఉండగా, ఎవడో ఒక దుండగుడు తనను ఎత్తుకుపోబోయాడు. ఆయా ప్రాణాలకు తెగించి అడ్డుపడింది. ఆమె ముఖం మీద గీతలు పడ్డాయి. జనం గుమిగూడారు. పొట్టి అంగీ ధరించి, తెల్లని లాఠీ పట్టుకున్న పోలీసు రాగానే దుండగుడు పారిపోయాడు. ఈ దృశ్యమంతా ఆయన కళ్ళకు కట్టినట్లు ఉండేది. ఆమె ధైర్యసాహసాలకు మెచ్చి కుటుంబం ఆ ఆయాకు ఒక గడియారం బహూకరించింది. పియాజేకు సుమారు పదిహేనేళ్ళ వయసులో ఆమె నుండి ఒక ఉత్తరం వచ్చింది. తాను సాల్వేషన్ ఆర్మీలో చేరానని, పాత తప్పులు ఒప్పుకొనదలచానని, ఆ కథంతా తాను కల్పించినదేనని, ముఖం మీది గీతలు కూడా తాను చేసుకున్నవేనని అందులో రాసింది. గడియారాన్ని సైతం తిప్పి పంపింది.

ఆ ఉత్తరం చదివిన బాలునికి కలిగిన ఆశ్చర్యం మనం ఊహించుకోవచ్చు. జరగని సంఘటన జ్ఞాపకంగా ఎలా నిలిచింది? తల్లిదండ్రులు నమ్మి చెప్పుకున్న కథను విని, పసిమనసు దానిని దృశ్యంగా మలచుకొని, తాను చూచినదిగా భద్రపరచుకున్నది. అంతవరకు ఆ సంగతిని ఎవరికైనా చెప్పి ఉంటే పియాజే చెప్పినది అసత్యమే. అయినా ఆయన అబద్ధమాడినట్లు కాదు. అసత్యం వేరు, అబద్ధం వేరు. మాట వాస్తవానికి దూరమైతే అది అసత్యం. ఎదుటివారిని మోసగించాలన్న తలంపు దానికి తోడైతే అది అబద్ధం. పెద్దలకు సులువుగా తోచే ఈ భేదం పిల్లలకు ఎప్పుడు, ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు పియాజే తరువాతి కాలంలో సమాధానం వెతికారు.

మొదట ఆయనను ఆకర్షించినది జంతుశాస్త్రం. పదకొండో ఏడు నిండకముందే, 1907లో, ఒక తోటలో తాను చూచిన తెల్లపిచ్చుకను గురించి ఒక పుట వ్యాసం రాసి స్థానిక పత్రికలో ప్రకటించారు. ఆ తరువాత పట్టణంలోని ప్రకృతి వస్తు ప్రదర్శనశాల అధిపతి పాల్ గొడే వద్ద చేరి, నత్తల సేకరణలో సహాయకుడైనారు. పాఠశాల విద్యార్థిగా ఉండగానే ఆ విషయంపై ఆయన రాసిన వ్యాసాలు చూచి, రచయిత పెద్దవాడనుకొని విదేశీ శాస్త్రజ్ఞులు కలుసుకోగోరారట. 1918లో వాలే పర్వత ప్రాంతపు నత్తలపై చేసిన పరిశోధనకు డాక్టరేటు పట్టం లభించింది. నత్తకూ నీతికీ ఏమి సంబంధమని అనుకోనక్కర లేదు. ప్రాణి తన పరిసరాలకు తగినట్లు ఎలా మారుతుంది, ఆ మార్పులో క్రమం ఏమిటి అని నత్తల విషయంలో వేసుకున్న ప్రశ్ననే ఆయన తరువాత శిశువు మనసు విషయంలోనూ వేసుకున్నారు.

1919లో ఆయన పారిస్ చేరారు. బుద్ధిపరీక్షలకు ఆద్యుడైన ఆల్ఫ్రెడ్ బినే అప్పటికి గతించాడు. ఆయన సహచరుడు థియోడోర్ సిమోన్, ఇంగ్లండులో సిరిల్ బర్ట్ తయారుచేసిన తర్కపరీక్షలను పారిస్ పిల్లలకు అనువుగా సరిదిద్దే పనిని పియాజేకు అప్పగించాడు. ఏ వయసు పిల్లలు ఎన్ని సరియైన జవాబులు ఇస్తారో లెక్కకట్టడమే అక్కడి పని. ఆ పని ఆయనకు విసుగు పుట్టించింది. సరియైన జవాబుల కంటె తప్పు జవాబులే ఆయనను పట్టి నిలిపాయి. ఒకే వయసు పిల్లలందరూ ఒకే రకమైన తప్పు ఎందుకు చేస్తున్నారు? ఆ తప్పు వెనుక ఒక తర్కం ఉండి తీరాలి. ఇలా భావించి ఆయన ప్రశ్నపత్రాన్ని పక్కన పెట్టి పిల్లలతో సంభాషణకు దిగారు. ఎందుకు అలా అనుకుంటున్నావని అడగడం, జవాబును బట్టి మరో ప్రశ్న వేయడం, ఎక్కడా జవాబు అందించకపోవడం ఆయన పద్ధతి.

1921లో ఎడ్వర్డ్ క్లాపరేడ్ ఆహ్వానంపై పియాజే జెనీవాలోని రూసో విద్యాసంస్థలో పరిశోధన బాధ్యత స్వీకరించారు. 1923లో శిశువు భాషాభావాలపై తొలి గ్రంథం వెలువడింది. అదే ఏట అక్కడి విద్యార్థిని వాలెంటీన్ షాటెనేను వివాహమాడారు. వారికి జాక్వెలిన్, లూసియెన్ అనే కుమార్తెలూ, లొరాఁ అనే కుమారుడూ కలిగారు. ముగ్గురు పిల్లలూ ఉయ్యాలలో ఉన్ననాటి నుండి వారి చేష్టలను ఆ దంపతులు గమనించి రాసుకున్నారు. 1929 నుండి దాదాపు నాలుగు దశాబ్దాలు ఆయన అంతర్జాతీయ విద్యా కార్యాలయానికి సంచాలకులుగా కూడా పనిచేశారు. ఆ నడుమ, 1932లో, శిశువు నైతిక నిర్ణయాన్ని గురించిన గ్రంథం వెలువడింది. అబద్ధంపై పిల్లల తీర్పులు ఉన్నది ఆ గ్రంథంలోనే.

నీతిని గురించిన ఆ గ్రంథం గోళీలాటతో మొదలవుతుంది. జెనీవా, నూషటెల్ పట్టణాల వీధుల్లో పిల్లలు గోళీలాడుతుంటే పియాజే వారితో కలిసి ఆడుతూ, ఆట తనకు నేర్పమన్నారు. ఈ నియమాలు ఎవరు పెట్టారు, వీటిని మార్చవచ్చునా అని అడిగారు. చిన్నపిల్లలు నియమాలు పెద్దలో దేవుడో పెట్టినవని, వాటిని మార్చడం అపచారమని చెప్పారు. కాని ఆడేటప్పుడు ఎవరికి తోచినట్లు వారు ఆడారు. పదేళ్ళు దాటినవారు అందరూ ఒప్పుకుంటే నియమం మార్చవచ్చునన్నారు. వారే నియమాన్ని నిక్కచ్చిగా పాటించారు. మార్చరానిదని భావించినవాడు పాటించలేదు, మార్చదగినదని తెలిసినవాడు పాటించాడు! ఈ చిన్న విశేషం నుండి పియాజే పెద్ద సత్యాన్ని గ్రహించారు. పైనుండి వచ్చిన ఆజ్ఞపై ఉండే భయభక్తులు వేరు. తోటివారితో కలిసి ఒప్పుకున్న మాటపై ఉండే గౌరవం వేరు.

తరువాత ఆయన అబద్ధం సంగతి ఎత్తుకున్నారు. అబద్ధమంటే ఏమిటని అడిగితే మిక్కిలి చిన్నవారు అది చెడ్డమాట అన్నారు. నోటితో చేసే తప్పు గనుక తిట్టుమాటనూ, అబద్ధాన్నీ ఒకే గాట కట్టారు. ఇంకొంచెం పెద్దవారు నిజం కానిదేదైనా అబద్ధమే అన్నారు. వారి దృష్టిలో రెండూ రెండూ అయిదని పొరబడినవాడు కూడా అబద్ధమాడినట్లే. వాడికి తెలియక అన్నాడన్న సంగతి వారు గుర్తిస్తారు. గుర్తించి కూడా దానికి అదే పేరు పెడతారు. పదేళ్ళ ప్రాంతానికి వచ్చినవారు మాత్రమే, తెలిసి తెలిసి మోసం చేయడానికి చెప్పినదే అబద్ధమని స్పష్టంగా వేరుచేయగలిగారు.

నిర్వచనం అడిగి ఊరుకొనక, ఆయన జంట కథలు చెప్పి తీర్పు కోరారు. ఒక పిల్లవాడు దారిలో కుక్కను చూచి భయపడ్డాడు. ఇంటికి పరుగెత్తుకు వచ్చి, ఆవంత కుక్కను చూచానని తల్లితో చెప్పాడు. మరొక పిల్లవాడికి బడిలో ఆనాడు మార్కులేమీ రాలేదు. అయినా ఇంటికి వచ్చి, ఉపాధ్యాయురాలు మంచి మార్కులు వేసిందని చెప్పాడు. తల్లి సంతోషించి బహుమానమిచ్చింది. ఈ ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పు?

మనకు సందేహమే లేదు. మొదటివాడు భయంలో అతిశయోక్తి పలికాడు, రెండవవాడు లాభం కోసం తల్లిని మోసగించాడు. ఆరేడేళ్ళ పిల్లలు అనేకులు దీనికి విరుద్ధంగా తీర్పు చెప్పారు. ఆవంత కుక్క లోకంలో ఎక్కడా లేదు గనుక అది ఘోరమైన అబద్ధమట. మంచి మార్కులు రావడం మామూలే గనుక రెండవది అంత చెడ్డది కాదట. మాట వాస్తవానికి ఎంత దూరమైతే పాపం అంత పెద్దదన్నది వారి కొలత. పదేళ్ళ ప్రాంతపు పిల్లలు ఈ కొలతను తిరగవేశారు. కుక్క కథను తల్లి ఎలాగూ నమ్మదు గనుక దానివల్ల ఎవరూ మోసపోరు. మార్కుల కథ నమ్మదగినట్లు ఉన్నది గనుకనే అది ప్రమాదకరం. నమ్మశక్యమైన కొద్దీ అబద్ధం బరువు పెరుగుతుందని వారు గ్రహించారు.

మరొక జంట కథ. దారి తెలియని పెద్దమనిషి ఒకడు ఒక వీధి ఎక్కడ ఉన్నదని ఒక బాలుణ్ణి అడిగాడు. బాలుడికి వీధుల పేర్లు సరిగా తెలియవు. ఇటు కాబోలునని తనకు తోచినది చెప్పాడు. పెద్దమనిషి దారి తప్పిపోయాడు. మరొక బాలుడికి వీధులన్నీ తెలుసు. వేళాకోళానికి కావాలనే తప్పుదారి చూపాడు. కాని ఆ పెద్దమనిషి ఎలాగో తన చోటికి చేరుకున్నాడు. చిన్నపిల్లలలో పలువురు నష్టం కలిగించిన మొదటివాణ్ణే దోషి అన్నారు. పెద్దపిల్లలు రెండవవాడి బుద్ధినే తప్పు పట్టారు. పర్యవసానాన్ని చూచే కన్ను ముందు తెరుచుకుంటుంది. ఉద్దేశాన్ని చూచే కన్ను తరువాత తెరుచుకుంటుంది.

ఇంకా ముఖ్యమైన ప్రశ్న ఒకటి మిగిలింది. అసలు అబద్ధం ఎందుకు ఆడకూడదు? దండన పడుతుంది గనుక అని చిన్నవారి జవాబు. దండన లేకుంటే ఆడవచ్చునన్నది దాని అర్థం. తరువాతి వయసువారు దండన లేకపోయినా అది తప్పే అన్నారు గాని కారణం చెప్పలేకపోయారు. వారికంటె పెద్దవారు కారణం కూడా చెప్పారు. అందరూ అబద్ధాలాడితే ఎవరి మాట ఎవరూ నమ్మరు, కలిసి బతకడం సాధ్యం కాదు అని. అలాగే పెద్దలతో అబద్ధమాడితే తప్పు, తోటిపిల్లలతో ఆడితే ఫరవాలేదని చిన్నవారు భావించారు. వయసు పెరిగిన కొద్దీ స్నేహితుణ్ణి మోసగించడమే ఎక్కువ నీచమన్న అభిప్రాయం బలపడింది.

ఈ జవాబులన్నింటినీ కలిపి చూచి పియాజే రెండు రకాల నీతి ఉన్నదని ప్రతిపాదించారు. ఒకటి పరాధీన నీతి. పెద్దలు విధించినది గనుక పాటించవలసినది, పట్టుబడితే దెబ్బలు తినవలసినది. రెండవది స్వాధీన నీతి. సాటివారి మధ్య పరస్పర గౌరవం నుండి పుట్టినది. పెద్దల ఆజ్ఞ పిల్లవాడికి అబద్ధం నిషిద్ధమని మాత్రమే చెప్పగలదు. సత్యం ఎందుకు అవసరమో చెప్పలేదు. పిల్లవాడు తోటివారితో ఆడి, పోట్లాడి, మోసపోయి, మళ్ళీ కలిసి, మాట మీద నిలబడవలసిన అవసరాన్ని తనంతట తాను తెలుసుకోవాలి. మాట పుచ్చుకున్నవాడికే మాట ఇవ్వడంలోని విలువ తెలుస్తుంది. పెద్దలు సమానులుగా మెలగి, తమ పొరపాట్లను పిల్లల ఎదుట దాచుకొనకుండా ఉంటే ఈ ఎదుగుదలకు తోడ్పడినవారవుతారని, కేవలం అధికారం చూపితే దానిని ఆలస్యం చేసినవారవుతారని ఆయన సారాంశం.

మహనీయుల మాటలను విమర్శ లేకుండా అంగీకరించడం శాస్త్రానికి మర్యాద కాదు. పియాజే కథలలో ఉద్దేశం, పర్యవసానం రెండూ ఒకేసారి మారిపోవడం వల్ల చిన్నపిల్లలకు తీర్పు కష్టమైనదని తరువాతి పరిశోధకులు చూపారు. కథను సులభంగా, స్పష్టంగా చెప్పినప్పుడు అయిదారేళ్ళవారు కూడా ఉద్దేశాన్ని గుర్తించారు. ఆస్ట్రియా పరిశోధకులు 1984లో ప్రకటించిన ఒక అధ్యయనంలో మరింత ఆసక్తికరమైన విషయం బయటపడింది. తెలియక తప్పు చెప్పినవాడి మాటను చిన్నపిల్లలు అబద్ధమనే పిలిచారు. కాని వాడు చెడ్డవాడు కాడనే తీర్పు చెప్పారు. అనగా వారి భాష వెనుకబడింది గాని న్యాయబుద్ధి వెనుకబడలేదు. పియాజే కూడా తాను చూచినది జెనీవాలోని పేదపేటల పిల్లలనేనని, పరిసరాలు మారితే వయసుల లెక్క మారుతుందని గ్రంథారంభంలోనే హెచ్చరించారు. ఒకే పిల్లవాడు ఒక కథకు చిన్నవారి వలె, మరొక కథకు పెద్దవారి వలె జవాబు చెప్పడం కూడా ఆయన దాచలేదు.

పరిసరాలు మారితే ఏమవుతుందన్న ప్రశ్నను ఆయన అనంతరం ఇతరులు చేపట్టారు. కాంగ్ లీ, ఆయన సహచరులు 1997లో ప్రకటించిన పరిశోధనలో చైనా, కెనడా దేశాలకు చెందిన ఏడు, తొమ్మిది, పదకొండు ఏళ్ళ పిల్లలకు కథలు వినిపించారు. తప్పు చేసి, చేయలేదని బొంకడం చెడ్డదని ఉభయ దేశాల పిల్లలూ ఏకకంఠంతో అన్నారు. భేదం మరొక చోట వచ్చింది. ఒక పిల్లవాడు రహస్యంగా ఒక మంచి పని చేశాడు. ఉపాధ్యాయుడు ఎవరు చేశారని అడిగితే, నేను కాదన్నాడు. ఇది అబద్ధమే గనుక చెడ్డదని కెనడా పిల్లలు భావించారు. చైనా పిల్లలు వయసు పెరిగిన కొద్దీ దానిని మెచ్చుకున్నారు. చేసిన మేలును చాటుకొనడం వారికి అంతగా నచ్చలేదు. అణకువను ఇంటా బడిలో గొప్ప గుణంగా నేర్పే సమాజంలో ఆ అబద్ధానికి వినయమని పేరు.

అదే బృందం వారు 2007లో మరొక ప్రశ్న వేశారు. ఒక్కరికి కష్టం కలిగినా బృందానికి మేలు చేసే అబద్ధం, బృందానికి కష్టం కలిగినా ఒక్కరికి మేలు చేసే అబద్ధం, ఈ రెంటిలో ఏది తక్కువ చెడ్డది? చైనా పిల్లలు బృందం వైపు మొగ్గారు. కెనడా పిల్లలు వ్యక్తి వైపు మొగ్గారు. ఉద్దేశాన్ని చూచి తీర్పు చెప్పడం ఇద్దరికీ వచ్చు. కాని ఏ ఉద్దేశం ఉత్తమమో వారి వారి సమాజం వారికి నేర్పింది. పియాజే కనుగొన్న నిచ్చెన అన్ని దేశాలకూ ఉన్నా, దాని పై మెట్టున నిలిచినవారు చూచే దృశ్యం మాత్రం ఒకటి కాదన్నమాట.

ఈ వైవిధ్యం మన భాషలకు కొత్త కాదు. వంద అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చేయమని తెలుగు సామెత చెబుతుంది. ఉర్దూ, పారశీకాలు చదివినవారు 1258 నాటి సాదీ గులిస్తాన్‌లోని మొదటి కథను ఎరుగుదురు. మరణశిక్ష పడిన బందీ రాజును తిట్టగా, ఒక మంత్రి ఆ తిట్టును క్షమా వాక్యంగా మార్చి చెప్పాడు. మరొక మంత్రి ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. మేలు కోరిన ఆ అసత్యమే కీడు తలచిన ఈ నిజం కంటె తనకు నచ్చినదని రాజు తీర్పు చెప్పి బందీని విడిపించాడు. ఇటువంటి కథలు వింటూ, దానితోపాటే అబద్ధమాడరాదన్న బోధ కూడా వింటూ మన పిల్లలు పెరుగుతున్నారు. ఏ అబద్ధం ఏ చోట క్షమింపదగినదో వారు ఎలా తేల్చుకుంటున్నారో మనం ఏనాడైనా అడిగామా?

పియాజే శేష జీవితం నిర్విరామ కృషితో గడిచింది. 1936లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు సమర్పించింది. 1952 నుండి 1963 వరకు పారిస్‌లోని సొర్బాన్‌లో ఆచార్యత్వం నెరపారు. జ్ఞానం ఎలా పుట్టి పెరుగుతుందో పరిశోధించడానికి 1955లో జెనీవాలో ఒక అంతర్జాతీయ కేంద్రాన్ని స్థాపించి, తర్కవేత్తలనూ, గణితజ్ఞులనూ, మనస్తత్వ శాస్త్రజ్ఞులనూ ఒకచోట చేర్చారు. నీతి వికాసంపై ఆయన వేసిన బాటను అమెరికాలో లారెన్స్ కోల్‌బర్గ్ 1958 నుండి పొడిగించాడు. 1972లో ఎరాస్మస్ బహుమానం, 1979లో బాల్జాన్ బహుమానం పియాజేను వరించాయి. యాభైకి పైగా గ్రంథాలు రచించిన ఆ వృద్ధుడు, తలపై గుండ్రని టోపీ, నోట పొగగొట్టంతో, సైకిలు మీద జెనీవా వీధుల్లో తిరిగేవారు. ఏటా వేసవిలో కొండల మధ్య ఏకాంతానికి వెళ్ళి రచన సాగించేవారు. 1980 సెప్టెంబరు 16న జెనీవాలో కన్నుమూశారు.

ఆయన గతించి నాలుగు దశాబ్దాలు దాటినా ఆయన వేసిన ప్రశ్న మన ఇళ్ళలోనూ, తరగతి గదుల్లోనూ సజీవంగా ఉన్నది. ఆరేళ్ళ పిల్లవాడు లేని సంగతి చెప్పగానే మనం వాడిని అబద్ధాలకోరు అంటాము. ఆ వయసులో ఊహకూ, నిజానికీ నడుమ గోడ ఇంకా పూర్తిగా లేవలేదు. వాడు ఆడుకుంటున్నాడో, పొరబడ్డాడో, భయపడ్డాడో, మోసగించదలచాడో విచారించకుండానే బెత్తం అందుకుంటాము. పెద్దలు దండించినది మాట తప్పుగా ఉన్నందుకేనని వాడు అనుకుంటాడు. మోసం తప్పన్నది వాడికి అందదు. అందినది ఒక్కటే, పట్టుబడరాదని. భయంతో నేర్చిన సత్యం భయం తీరగానే జారిపోతుంది. పరీక్ష గదిలో పర్యవేక్షకుడు పక్కకు తిరిగిన క్షణంలో మనకు కనిపించేది ఆ పాత పాఠం ఫలమే.

కనుక రేపటి ఉపాధ్యాయులు ఈ జీవితం నుండి గ్రహించదగినది క్లిష్టమైన సిద్ధాంతం కాదు. పిల్లవాడి తప్పు జవాబుకు వెనుక ఒక కారణం ఉంటుంది. దండించడానికి ముందు దానిని అడగాలి. అడిగినప్పుడు వినాలి. పిల్లలు తమలో తాము నియమాలు ఏర్పరచుకొనడానికి, తగవులు తీర్చుకొనడానికి బడిలో చోటు ఇవ్వాలి. వారికి ఇచ్చిన మాటను మనం తప్పకుండా నిలుపుకోవాలి. సత్యసంధతను ఆదేశించే పెద్దల కంటె దానిని తమతో సమానంగా పాటించే పెద్దలనే పిల్లలు నమ్ముతారు. ఆ నమ్మకం ఏర్పడిన ఇంట, ఏర్పడిన తరగతిలో, అబద్ధమాడరాదన్న పాఠాన్ని వేరుగా చెప్పవలసిన పని అంతగా ఉండదు.